ఫ్రిస్కోలో ఇళ్లు లేస్తూనే ఉన్నాయి, మరి స్కూలెందుకు మూసేశారు? సిటీకీ ఐఎస్‌డీకీ (స్కూల్ డిస్ట్రిక్ట్‌కీ) మాటల్లేవా?

జెర్సీ_టు_టెక్సస్
అందరికీ నమస్కారం. న్యూజెర్సీ నుంచి డాలస్ వైపు మారుతున్నాం. పాప వచ్చే ఏడు మిడిల్ స్కూల్లోకి వస్తుంది. రియల్టర్ ఫ్రిస్కో తప్ప వేరే ఊరి పేరు ఎత్తడం లేదు. మొన్న ఇళ్లు చూద్దామని వస్తే టోల్‌వే పొడవునా క్రేన్లే, ఎక్కడ చూసినా కొత్త అపార్ట్‌మెంట్లే. తీరా చూస్తే 2025 లో అదే ఊళ్లో ఒక మిడిల్ స్కూలు మూసేశారట! ఇళ్లకి పర్మిషన్ ఇచ్చేది సిటీయే కదా, పిల్లలు ఎంతమంది వస్తారో లెక్క చూసుకోరా? సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ అసలు మాట్లాడుకుంటాయా? అక్కడ ఏళ్లుగా ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

ప్రెస్టన్_రోడ్_పాతకాపు
మాట్లాడుకుంటాయండీ. ఆ మాటకొస్తే ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇంత దగ్గరగా కలిసి పనిచేసిన సిటీ, ఐఎస్‌డీ ఇంకోటి లేవు. కానీ ముందు ఒకటి గుర్తుంచుకోవాలి. టెక్సస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ సిటీ కింద ఉండదు. దాని బోర్డు వేరు, ఎన్నికలు వేరు, పన్ను వేరు, సరిహద్దు కూడా వేరు. మేయర్ గారు స్కూల్ ప్రిన్సిపాల్‌ని మార్చలేరు, స్కూల్ బోర్డు ఒక్క అపార్ట్‌మెంటునీ ఆపలేదు.

ఇంటి పన్ను బిల్లు చూస్తే తెలుస్తుంది. ఇంటి విలువలో ప్రతి వంద డాలర్లకి స్కూలుకి సుమారు ఒక డాలరు పోతుంది, సిటీకి 43 సెంట్లు కూడా పోదు. అంటే పెద్ద పద్దు స్కూలుది, కానీ ఆ స్కూలుకి పిల్లలెంతమంది రావాలో తేల్చే జోనింగ్ అధికారం, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే అధికారం సిటీది. చేతులు కలపకపోతే ఇద్దరికీ గడవదు.

ఊరు పెరిగిన వేగం చూడండి. 1990 లో ఆరు వేల జనాభా. జనాభా లెక్కల ప్రకారం 2000 లో 33,714, 2010 లో 1,16,989, 2020 లో 2,00,509. పిల్లలు 2000 ప్రాంతంలో ఏడు వేలు ఉంటే, ఇరవై ఏళ్లు దాటేసరికి అరవై వేలు దాటిపోయారు. 2003 లో సెంటెనియల్ వచ్చేదాకా ఊరికి ఒకటే హైస్కూలు. 2022 లో పాంథర్ క్రీక్ తెరిచాక పన్నెండు. ఒక్కో ఏడు రెండు మూడు స్కూళ్లు తెరిచిన రోజులున్నాయి. సిటీ రోడ్డు వేయకముందే స్కూలు కట్టేస్తే బస్సు ఎలా వెళ్తుంది? నీళ్ల పైపు రాకపోతే స్కూలు ఎలా తెరుస్తారు? అందుకే కలవక తప్పలేదు.

సివిల్_సుబ్బు
పాతకాపు గారు చెప్పింది నిజమే. నేను లేఅవుట్ల డిజైన్లోనే పనిచేస్తాను కాబట్టి పని జరిగే తీరు చెప్తాను.

డెవలపర్ వందల ఎకరాల పొలం కొంటాడు. ప్లాట్లు గీసి సిటీకి పెట్టేలోపే డిస్ట్రిక్ట్ వాళ్లు వచ్చి ఎలిమెంటరీకి ఎక్కడ స్థలం కావాలో అడుగుతారు. వాళ్లకి జనాభా అంచనాలు కట్టే నిపుణులు ఉంటారు. ఫలానా సైజు ఇళ్లు ఇన్ని కడితే పిల్లలు ఇంతమంది అని లెక్క. ఎలిమెంటరీని కాలనీ మధ్యలో పెట్టి, పక్కనే సిటీ పార్కు వచ్చేలా చూస్తారు. పగలు స్కూలు పిల్లలు, సాయంత్రం కాలనీ పిల్లలు. రెండు చోట్ల రెండు పార్కింగులు పొయ్యకుండా ఒకటే సరిపోతుంది. వీలైనచోట ఇలా చేస్తారు, ప్రతిచోటా కుదరదు.

ఇంకోటి ఎవరూ పట్టించుకోనిది. కొత్త బిల్డింగ్ కడితే రోడ్లకి, నీళ్లకి, డ్రైనేజీకి సిటీ ఇంపాక్ట్ ఫీజు వసూలు చేస్తుంది. టెక్సస్ చట్టం ప్రకారం స్కూల్ డిస్ట్రిక్ట్ తనంతట తాను ఒప్పుకుంటే తప్ప ఆ ఫీజు కట్టక్కర్లేదు. మరి స్కూలు ముందు కుడివైపు తిరిగే లేన్ ఎవరు వెయ్యాలి, సిగ్నల్ ఎవరు పెట్టాలి? ఇలాంటివన్నీ రెండు సంస్థల మధ్య ఒప్పందాలతో తేలతాయి. ఆ ఒప్పందాలకి రాష్ట్రంలో ప్రత్యేకంగా చట్టమే ఉంది.

పొద్దున 7:40 కి ఏ స్కూలు దగ్గరైనా నిలబడండి. కార్ల లైను స్కూల్లోంచి మొదలై, కాలనీ వీధి దాటి, మెయిన్ రోడ్డు మీద కుడి లేన్ మొత్తం ఆక్రమిస్తుంది. లైను స్కూలుది, రోడ్డు సిటీది, హారన్లు మనవి.

పీటీఏ_అమ్మ
హారన్లు మనవి 😂 నిజం సుబ్బు గారూ.

స్కూల్లో ఉండే పోలీసు ఆఫీసర్ కూడా సిటీ పోలీసే. జీతం ఎవరెంత పెట్టుకోవాలన్నది మళ్లీ ఒప్పందమే. ఫైర్ స్టేషన్ దగ్గర పిల్లల కోసం సిటీ బుల్లి ఊరొకటి కట్టింది, సేఫ్టీ టౌన్ అని. చిన్న రోడ్లు, చిన్న సిగ్నళ్లు. స్కూలు వాళ్లు పిల్లల్ని ఫీల్డ్ ట్రిప్‌కి తీసుకెళ్తారు. మా చిన్నోడు అక్కడికి వెళ్లొచ్చినప్పటి నుంచి నేను ఎల్లో లైట్లో దూసుకెళ్తే వెనక సీట్లోంచి క్లాసు పీకుతున్నాడు.

గారపాటి_ఇన్_ప్లానో
అందరూ తెగ పొగిడేస్తున్నారు. డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ టీమ్ సంగతి కూడా చెప్పండి మరి. బిలియనీర్ ఓనర్ టీమ్‌కి ప్రాక్టీస్ బిల్డింగ్ కట్టడానికి పిల్లల స్కూలు డబ్బు పెట్టారు. దీన్ని సహకారం అంటారా?

ప్రెస్టన్_రోడ్_పాతకాపు
అడగాల్సిందే అడిగారు. వివరంగా చెప్తాను, తిట్టాలనుకుంటే చివర్లో తిట్టండి.

2013 లో డీల్ ప్రకటించారు. అప్పటిదాకా కౌబాయ్స్ హెడ్‌క్వార్టర్స్ అర్వింగ్‌లో వ్యాలీ రాంచ్‌లో ఉండేది. ఫ్రిస్కోలో 91 ఎకరాల్లో ద స్టార్ వచ్చింది, 2016 లో తెరిచారు. అందులో 12 వేల సీట్ల ఇండోర్ స్టేడియం ఫోర్డ్ సెంటర్. అది పబ్లిక్ ఆస్తి. పబ్లిక్ వాటాకి 90 మిలియన్ డాలర్లు గరిష్ఠమని ముందే గీత గీశారు. అందులో స్కూల్ డిస్ట్రిక్ట్ వంతు 30 మిలియన్లు, మిగతాది సిటీ, దాని డెవలప్‌మెంట్ కార్పొరేషన్లు. పైన ఎంతయినా టీమ్ భరించాలి.

ఆ 30 మిలియన్లు టీచర్ల జీతాల్లోంచి తీసింది కాదు. ఇక్కడ టీఐఆర్‌జెడ్ అని ఒక పన్ను ఏర్పాటుంది, అందరూ టర్జ్ అంటారు. మొదటి జోన్ 1997 లో స్టోన్‌బ్రయర్ మాల్ కోసం పెట్టారు. ఒక ప్రాంతంలో ఆ రోజు ఉన్న భూమి విలువ మీద వచ్చే పన్ను ఎప్పట్లాగే పోతుంది. తర్వాత మాల్ వచ్చి, ఆఫీసులు వచ్చి విలువ పెరిగితే, ఆ పెరిగినదాని మీద వచ్చే పన్నుని పక్కన ఒక ఖాతాలో వేస్తారు. దాన్ని ఆ జోన్ పనులకి వాడతారు. ఫ్రిస్కోలో ఐఎస్‌డీ కూడా మొదట్నుంచీ అందులో భాగస్వామి, తన వాటాతో స్కూలు సౌకర్యాలు కట్టుకుంటోంది. టెక్సస్‌లో చాలా డిస్ట్రిక్టులకి ఈ అవకాశం లేదు, 1999 తర్వాత రాష్ట్రం తలుపులు దాదాపు మూసేసింది. ఫ్రిస్కో అంతకు ముందే లోపలికి వచ్చేసింది.

మరి 30 మిలియన్లకి ఏం దక్కింది? హైస్కూల్ ఫుట్‌బాల్ ఆటలు, గ్రాడ్యుయేషన్లు అక్కడే. దాన్ని పక్క ఊరితో పోల్చండి. ఆలెన్‌లో హైస్కూలు ఒకటే, దానికి 18 వేల సీట్ల స్టేడియం. 60 మిలియన్లు పెట్టి 2012 లో తెరిచారు. 2014 లో కాంక్రీటులో పగుళ్లు బయటపడి మూసేశారు, మళ్లీ 2015 లో గానీ తెరవలేదు. మెకిన్నీ వాళ్లు 2018 లో 12 వేల సీట్లతో ఇంకోటి కట్టారు, అదీ అటూ ఇటూ 70 మిలియన్లు. ఫ్రిస్కోలో హైస్కూళ్లు పన్నెండు, ఏ ఒక్కదానికీ సొంత స్టేడియం లేదు. ఫోర్డ్ సెంటర్, ఎఫ్‌సీ డాలస్ సాకర్ టీమ్ ఆడే టయోటా స్టేడియం, డిస్ట్రిక్ట్ సొంతమైన కుయికెండాల్ స్టేడియం, ఈ మూడింట్లోనే పన్నెండు టీములూ సర్దుకుంటాయి. టయోటా స్టేడియంలో డిస్ట్రిక్ట్ 2005 లో తెరిచినప్పటి నుంచే భాగస్వామి. పీజీఏ అనే గోల్ఫ్ సంఘం హెడ్‌క్వార్టర్స్ ఫ్లోరిడా నుంచి వచ్చినప్పుడు కూడా సిటీ పక్కన ఐఎస్‌డీ సంతకం ఉంది, స్కూలు గోల్ఫ్ టీములకి అక్కడ చోటు దొరికింది.

గారపాటి_ఇన్_ప్లానో
లెక్క అర్థమైంది, కానీ నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. స్టేడియం చుట్టూ ఉన్న హోటళ్లు, రెస్టారెంట్లు, ఆఫీసుల లాభం ఎవరిది? పిల్లలు ఏడాదిలో కొన్ని సాయంత్రాలు ఆడతారు. మిగతా రోజులన్నీ ఆ అడ్రస్ విలువ పెరిగేది వేరేవాళ్లకి.

ప్రెస్టన్_రోడ్_పాతకాపు
దానికి నా దగ్గర కాదనే జవాబు లేదండీ. ఆ ఆఫీసుల మీద స్కూలు పన్ను వస్తుంది, ఆ ఆఫీసులు మాత్రం స్కూలుకి పిల్లల్ని పంపవు. డిస్ట్రిక్ట్ ఆశపడింది దానికే.

పీటీఏ_అమ్మ
సొంత స్టేడియం లేకపోవడం వల్ల ఇంట్లో పడే తిప్పలు కూడా రాయండి. మూడు గ్రౌండ్లు, పన్నెండు స్కూళ్లు కాబట్టి అన్ని ఆటలూ శుక్రవారం కుదరవు. మా పెద్దమ్మాయి బ్యాండ్‌లో క్లారినెట్. గురువారం రాత్రి ఆట అయ్యి, వాయిద్యాలు ట్రక్కులో ఎక్కించి, బస్సు స్కూలుకి చేరేసరికి పదకొండు దాటుతుంది. తెల్లారితే ఫిజిక్స్ టెస్టు. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు గ్రాడ్యుయేషన్‌కి తీసుకెళ్తే, లోపలికి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ బ్యాగే రానిస్తారు, ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ కారులో పెట్టి రమ్మన్నారు. మందులు, మంచినీళ్లు, మరమరాలు, అన్నీ అందులోనే. నాలుగు జిప్‌లాక్ కవర్లలోకి మార్చి, రెండు చేతుల్లో పట్టుకుని వచ్చారు పాపం. కానీ లోపలికి వెళ్లాక ఏసీ, ఆ తెర, మనవరాలి పేరు అంత పెద్ద స్టేడియంలో వినపడటం చూసి అన్నీ మర్చిపోయారు. మే నెల ఎండలో బయట గ్రౌండ్లో గ్రాడ్యుయేషన్ పెట్టే ఊళ్లూ ఉన్నాయి, వాళ్లని అడగండి.

నాగోల్_నవీన్
పన్నెండు హైస్కూళ్లు ఎందుకసలు? ఆలెన్ లాగా పెద్దవి రెండో మూడో కడితే ఖర్చు తగ్గేది కదా.

పీటీఏ_అమ్మ
అది వాళ్ల పట్టుదల తమ్ముడూ. ఒక్కో హైస్కూల్లో 2,100 మంది దాటకూడదని. చిన్న స్కూలైతే టీములో, బ్యాండ్‌లో, డిబేట్‌లో ఎక్కువమంది పిల్లలకి చోటు దొరుకుతుందని. ఐదు వేల మంది ఉన్న స్కూల్లో టెన్నిస్ టీములోకి రావాలంటే మనవాళ్ల పిల్లల్లో ఎంతమందికి కుదురుతుంది? సగం తెలుగువాళ్లు ఫ్రిస్కో ఎంచుకున్నది అందుకే, మిగతా సగం కార్యసిద్ధి హనుమాన్ గుడి దగ్గరని 😄

కాకపోతే చిన్న స్కూళ్లంటే ఎక్కువ బిల్డింగులు, ఎక్కువ ప్రిన్సిపాళ్లు, ఎక్కువ నర్సులు, ఎక్కువ కరెంటు బిల్లు.

సివిల్_సుబ్బు
కరెంటు బిల్లు అన్నారు కాబట్టి, అసలు చిక్కు అక్కడే ఉంది. టెక్సస్‌లో స్కూలు పన్ను రెండు ముక్కలు. ఒకటి బిల్డింగుల అప్పు తీర్చడానికి, రెండోది జీతాలు, కరెంటు, బస్సులు నడపడానికి. బిల్డింగుల కోసం తెచ్చే ఆ అప్పునే బాండ్ అంటారు, బాండ్ డబ్బుతో జీతం ఇవ్వకూడదు.

2014 లో ఓటర్లు 775 మిలియన్ల బాండ్ ఒప్పుకున్నారు. స్కూళ్లు లేచాయి. 2016 ఆగస్టులో నడపడానికి పన్ను రేటు పెంచమంటే అదే ఓటర్లు వద్దన్నారు. ఏమైంది? 2017 లో తెరవాల్సిన నాలుగు స్కూళ్లని ఒక ఏడాది వెనక్కి నెట్టారు. మెమోరియల్ హైస్కూలు అందులో ఒకటి. బిల్డింగ్ ఉంది, నడపడానికి డబ్బు లేదు. పెళ్లికి అప్పిచ్చి కాపురానికి ఇవ్వనట్టు. 2018 లో మళ్లీ అడిగితే రేటు పెంపు, 691 మిలియన్ల బాండ్ రెండూ పాసయ్యాయి.

ఆ రెండేళ్లలో సిటీ ఏం చేసింది? ఇళ్లకి పర్మిషన్లు ఇస్తూనే ఉంది. ఇవ్వక తప్పదు కూడా. స్కూల్లో సీట్లు లేవన్న ఒక్క కారణంతో, జోనింగ్ ఉన్న స్థలంలో ఇల్లు కట్టుకోవద్దని టెక్సస్ సిటీ అనలేదు.

బెజవాడ_బాబాయ్
అబ్బాయి దగ్గరికి వచ్చి ప్లానోలో ఉన్నా, ఖాళీగా ఉండి మీ గొడవంతా చదివా. మా విజయవాడలో మున్సిపల్ స్కూళ్లు కార్పొరేషన్‌వే. బిల్డింగ్ వాళ్లదే, టీచర్లు వాళ్లవాళ్లే. 2022 లో ఆ స్కూళ్ల నిర్వహణని విద్యాశాఖకి అప్పగించారు. అప్పట్లో టీచర్ల సంఘాలు పెద్ద గొడవే చేశాయి. ఇక్కడ మీరు స్కూలుకి ప్రత్యేకంగా ఓటేసి, ప్రత్యేకంగా పన్ను కడుతున్నారు. మా దగ్గర స్కూలు గోడ కూలితే ఎవర్ని అడగాలో తెలియదు. మీకు కనీసం తిట్టడానికి స్కూల్ బోర్డులో ఏడుగురు ట్రస్టీలు ఉన్నారు.

నాగోల్_నవీన్
హైదరాబాద్‌లో అదీ లేదు బాబాయ్. జీహెచ్‌ఎంసీకీ స్కూళ్లకీ సంబంధమే లేదు. నలభై అంతస్తుల టవర్లకి పర్మిషన్ ఇచ్చేటప్పుడు దగ్గర్లో గవర్నమెంటు స్కూల్లో గదులున్నాయా అని అడిగేవాడే ఉండడు. ఎలాగూ ప్రైవేటులోనే చేరతారని అందరికీ ధీమా.

జెర్సీ_టు_టెక్సస్
చాలా తెలిసింది, అందరికీ థాంక్స్. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. ఇన్ని ఇళ్లు కడుతుంటే మిడిల్ స్కూలు ఎందుకు మూసేశారు?

ప్రెస్టన్_రోడ్_పాతకాపు
పిల్లలు తగ్గారు కాబట్టి. 67 వేల దాకా వెళ్లి తగ్గడం మొదలైంది. ఊరు పెరుగుతుంటే పిల్లలు తగ్గడమేమిటంటే, కారణాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

2003 లో ఇల్లు కొన్నవాళ్లు అక్కడే ఉన్నారు. వాళ్ల పిల్లలు కాలేజీలకి, ఉద్యోగాలకి వెళ్లిపోయారు. 3 శాతం వడ్డీకి రీఫైనాన్స్ చేసుకున్నవాడు ఇల్లు అమ్మి 7 శాతం అప్పు నెత్తికెత్తుకోడు కదా. అమ్మినా, ఆ ధర పెట్టి కొనేవాళ్లకి చిన్నపిల్లలు ఉండే వయసు దాటిపోతోంది. చిన్నపిల్లల తల్లిదండ్రులు ఇంకా ఉత్తరానికి, ప్రాస్పర్, సెలీనా వైపు పోతున్నారు. మీరు చూసిన టోల్‌వే అపార్ట్‌మెంట్లలో సింగిల్ బెడ్‌రూములే ఎక్కువ, ఒక్కో ఇంటికి వచ్చే పిల్లలు చాలా తక్కువ. క్రేన్లని చూసి పిల్లల్ని లెక్కపెట్టకూడదు.

ఇంకో కారణం డబ్బు. రాష్ట్రం పిల్లాడికి ఇచ్చే మూల మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. మధ్యలో ధరలెంత పెరిగాయో మీకు తెలుసు. 2025 లో పెంచారు, ఎంతనుకున్నారు? 55 డాలర్లు. మిగతాది ప్రత్యేకంగా జీతాల పేరుతో ఇచ్చారు. 2024 నవంబర్‌లో డిస్ట్రిక్ట్ పన్ను రేటు పెంచమని మళ్లీ అడిగింది, ఓటర్లు కాదన్నారు. సగం ఖాళీగా ఉన్న పాత బిల్డింగ్‌ని బాగుచేయించడానికి కోట్లు పెట్టడం కంటే మూయడం నయమనుకున్నారు.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. పెరిగేటప్పుడు సిటీ, ఐఎస్‌డీ పక్కపక్కన నిలబడి రిబ్బన్లు కత్తిరించాయి. తగ్గేటప్పుడు స్కూల్ బోర్డు ఒక్కటే జనం ముందు నిలబడి తిట్లు తింది. పాత కాలనీల్లోకి మళ్లీ చిన్నపిల్లల కుటుంబాలు రావాలంటే అందుబాటు ధరలో చిన్న ఇళ్లు కావాలి. ఆ తాళం సిటీ చేతిలో ఉంది. ఖాళీ అయిన స్కూలు బిల్డింగ్‌ని లైబ్రరీగానో, పెద్దవాళ్ల సెంటర్‌గానో వాడుకోవాలంటే అదీ ఇద్దరూ కూర్చోవాల్సిన పనే. స్టేడియానికి కూర్చున్నంత శ్రద్ధగా దీనికి కూర్చోవాలి.

గారపాటి_ఇన్_ప్లానో
మొదటిసారి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నా 🙏 ప్లానో ఐఎస్‌డీ కూడా ఇదే దారిలో 2025 లో నాలుగు స్కూళ్లు మూసింది. మాకు పదేళ్ల ముందు పెరుగుదల ఆగింది, మీకు ఇప్పుడు.

పెద్ద ప్రాజెక్టులకి ఓటర్లు కూడా విసిగిపోయారు. 2025 మే లో ఫ్రిస్కోలో పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ సెంటర్‌కి ఏమైందో చూశారుగా. సిటీ ఈసారి ప్రాస్పర్ ఐఎస్‌డీతో జతకట్టింది, ఓటర్లు గట్టిగా తిప్పికొట్టారు.

నాగోల్_నవీన్
ఆగండాగండి. ఫ్రిస్కో సిటీ ప్రాస్పర్ ఐఎస్‌డీతో ఎందుకు కలుస్తుంది?

సివిల్_సుబ్బు
ఎందుకంటే ఫ్రిస్కో ఊరి ఉత్తర భాగం ప్రాస్పర్ ఐఎస్‌డీలో ఉంది. పడమట కొంత లిటిల్ ఎల్మ్, దక్షిణాన కొంత లూయిస్‌విల్. అటు ఫ్రిస్కో ఐఎస్‌డీలోకి ప్లానో, మెకిన్నీ, లిటిల్ ఎల్మ్ ఊళ్ల ముక్కలొచ్చాయి. ప్రాస్పర్ వాళ్ల రాక్ హిల్ హైస్కూలు ఉన్నది ఫ్రిస్కో ఊళ్లో. ఫ్రిస్కో ఐఎస్‌డీ వాళ్ల ఎమర్సన్ హైస్కూలు ఉన్నది మెకిన్నీలో.

కొత్త ఇళ్లు, చిన్న పిల్లలు ఎక్కువగా వస్తున్నది ఆ ఉత్తరపు వైపే. అంటే ఫ్రిస్కో సిటీ పర్మిషన్ ఇచ్చిన కొత్త కాలనీలో పిల్లలు కొంతమంది ప్రాస్పర్ ఐఎస్‌డీ లెక్కలోకి పోతున్నారు. ఫ్రిస్కో ఐఎస్‌డీకి ఆ పెరుగుదల అందదు. సిటీ ఒక డిస్ట్రిక్ట్‌తోనే పొత్తు పెట్టుకుంటే సరిపోయే రోజులు పోయాయి.

@జెర్సీ_టు_టెక్సస్ గారూ, ఇల్లు ఖాయం చేసేముందు అడ్రస్‌ని డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. రియల్టర్ మాట, లిస్టింగ్‌లో రాసింది నమ్మొద్దు. స్కూలు జోన్లు మారుస్తూ ఉంటారు, మార్చే ముందు పబ్లిక్ మీటింగులు పెడతారు, ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చు. జోనింగ్ కేసులకి సిటీ ప్లానింగ్ కమిషన్ మీటింగు. మనవాళ్లు రెండో దానికి అస్సలు వెళ్లరు, నోటీసు బోర్డు కాలనీలో పాతేదాకా తెలియదు.

జెర్సీ_టు_టెక్సస్
ఇప్పుడే కొట్టి చూశా. మా ఆవిడకి బాగా నచ్చిన ఇల్లు, అడ్రస్ ఫ్రిస్కో, పిన్‌కోడ్ ఫ్రిస్కో, పన్ను ఫ్రిస్కో సిటీకి. స్కూలు ప్రాస్పర్ ఐఎస్‌డీ 🤦 లిస్టింగ్‌లో "ఫ్రిస్కో స్కూళ్లకి దగ్గర" అని రాశారు.

పీటీఏ_అమ్మ
దగ్గరే కదండీ, అబద్ధం ఏం రాయలేదు 😂 ప్రాస్పర్ కూడా మంచి డిస్ట్రిక్టే, కంగారు పడకండి. కాకపోతే అక్కడ హైస్కూళ్లు పెద్దవి, ఒక్కోదాంట్లో పిల్లలు ఎంతమందో కనుక్కోండి. మీ పాపకి ఆటలా, బ్యాండా, రెండూ వద్దా అన్నది అడిగి అప్పుడు తేల్చుకోండి.

జెర్సీ_టు_టెక్సస్
దాన్ని అడిగితే "నేను జెర్సీలోనే ఉంటా" అంటోంది అక్కా.